అమ్మది ఏ గోత్రం?

నాచారంలో మా ఇంట్లో ఒక ఆదివారం సాయంత్రం నలుగురం కూర్చుని కబుర్లాడుకుంటుంటే తెలుగు యూదుల సంగతి వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఉంటారు వాళ్లు. మాదిగ కుటుంబాలు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో తమది ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకుంటారు. "దానికింత చర్చ ఎందుకక్కా? మన రోడ్డు మీదే ల్యాబులున్నాయి. రక్తం తీసి చూస్తే తేలిపోదా?" అంది ఒక స్నేహితురాలు. తనదీ గుంటూరు వైపే. తనూ మాదిగ ఇంటి బిడ్డే. అందుకే ఆ మాటలో కుతూహలమూ ఉంది, కాస్త వెటకారమూ ఉంది.

ల్యాబుల సంగతి నిజమే. ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ ఉంది. డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్డీ ఒకప్పుడు మా నాచారంలోనే ఈసీఐఎల్ రోడ్డులో ఉండేది, ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డులో ఉంది. ఒక చోట జాతుల పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతారు. రెండో చోట ఫలానా బిడ్డకు తండ్రెవరో తేలుస్తారు. ఎన్.డి. తివారీ తన తండ్రేనని రోహిత్ శేఖర్ కోర్టుకెక్కినప్పుడు, 2012లో నమూనాలు వచ్చింది ఈ రెండో చోటికే. తల్లి ఉజ్జ్వలా శర్మ మొదటినుంచీ చెబుతున్నదే కాగితం మీద తేలింది.

కానీ గోత్రం అనేది ల్యాబులో తేలే విషయం కాదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమును చూడొచ్చు. తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను చూడొచ్చు. ఏ గీతను పట్టుకుని పైకి వెళ్లాలో, దేన్ని లెక్కలోకి తీసుకోకూడదో చెప్పేది మాత్రం సైన్సు కాదు, ధర్మశాస్త్రం. 2016లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక అధ్యయనం కొచ్చిన్, ముంబై యూదులను పరిశీలించింది. వాళ్ల వారసత్వంలో ఎక్కువ భాగం ఈ నేలదేననీ, కొద్ది భాగం పశ్చిమాసియాదనీ చెప్పింది. చేబ్రోలు వాళ్లు అందులో లేరు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం బెనె ఇజ్రాయెల్ అనే కొంకణ తీరపు యూదుల గురించి ఇంకో మాట చెప్పింది. ఆ కలయికలో యూదు వాటా ఎక్కువగా పురుషుల వైపు నుంచి, స్థానిక వాటా ఎక్కువగా స్త్రీల వైపు నుంచి వచ్చిందట. మరి యూదు ధర్మశాస్త్రం అడిగేది 'మీ అమ్మ ఎవరు?' అని కదా! ఇక్కడే చిక్కుంది. నాకు ఆసక్తి కలిగింది కూడా ఇక్కడే.

ముందు కొత్తరెడ్డిపాలెం సంగతి. క్రైస్తవ ప్రచారకుడిగా ఉన్న శ్మూయేల్ యాకోబి, ఆయన తమ్ముడు సాదోక్ యాకోబి 1980ల చివర్లో తాము యూదులమని బయటికి చెప్పడం మొదలుపెట్టారు. 1991లో ఊళ్లో ఒక సమాజమందిరం వెలిసింది. ఇప్పుడు నలభై దాకా కుటుంబాలుంటాయంటారు. తమ పూర్వీకులు ఉత్తరాది మీదుగా తెలుగు దేశానికి చేరారనీ, తర్వాత అంటరానితనంలోకి నెట్టబడ్డారనీ శ్మూయేల్ 2002లో ఒక పుస్తకం రాశారు. తెలుగు మాటలకూ హీబ్రూ మాటలకూ చుట్టరికం కలిపారందులో. ఆ భాషాశాస్త్రం నాకు నమ్మబుద్ధి కాదు. కానీ యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ ఈ సమూహం మీద 2013లో తెచ్చిన పుస్తకం చదివాక, 'నిజమా అబద్ధమా' అన్న ప్రశ్నే పొట్టిదనిపించింది. గొడ్డుమాంసం తినడం అగ్రకులాలకు అంటరానితనానికి సాక్ష్యమైతే, వీళ్లు దాన్నే యూదు వారసత్వానికి సాక్ష్యంగా తిరగేశారు. మాదిగలు తమ మూలాన్ని తామే చెప్పుకోవడం కొత్తేమీ కాదు. జాంబవంతుడి నుంచి ఆదిజాంబవులమని చెప్పే పురాణం వాళ్లకు ఎప్పటినుంచో ఉంది. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం కులం పేరునే ఇంటి పేరు చేసుకుంది. కొత్తరెడ్డిపాలెం వాళ్లు అదే కాలంలో ఇంకో తోవన వెళ్లారు.

ఆ తోవ వాళ్లకు దొరికింది తెలుగు బైబిల్లో. ఇంగ్లీషువాళ్లు 'ట్రైబ్' అన్నదాన్ని మన అనువాదకులు తెగ అనలేదు, జాతి అనలేదు, 'గోత్రము' అన్నారు. ఆలోచిస్తే చిన్న విషయం కాదిది. ఈ దేశంలో గోత్రమడిగి గుడిలో అర్చన చేసేవాళ్లు మాదిగల్ని గడప దగ్గరికే రానివ్వలేదు. అలాంటి ఇంటికి ఒక పుస్తకం వచ్చి, దేవుడి ప్రజలంతా గోత్రాలుగా ఉండేవారని చెప్పింది. నా స్నేహితురాలి అమ్మమ్మకు పన్నెండు గోత్రాల పేర్లూ కంఠతా వచ్చట. నాకు మాత్రం గోత్రం అనగానే గుర్తొచ్చేది పెళ్లిపీటలు. ఆరోజు మా నాన్న గోత్రం తీసేసి ఆయన గోత్రం తగిలించారు. ఏ గోత్రమూ నన్నడిగి రాలేదు, నన్నడిగి పోలేదు. గోత్రం లేనివాళ్ల బాధా, గోత్రం మార్చేసిన వాళ్ల బాధా ఒకటేనని చెప్పే సాహసం చెయ్యను. ఒకరికి అది గడప, ఇంకొకరికి గది.

యూదు శాస్త్రంలో గోత్రం తండ్రిదే. తండ్రి కుటుంబాన్నే కుటుంబమంటారు, తల్లి కుటుంబాన్ని కుటుంబమనరు అని తల్ముదులో బావా బత్రా సూత్రీకరిస్తుంది. యాజకుడి కొడుకు యాజకుడు, లేవీయుడి కొడుకు లేవీయుడు. కానీ బిడ్డ యూదు అవునా కాదా అన్నది తల్లిని బట్టి. ఇది మిష్నా కాలానికి, అంటే క్రీ.శ. 200 నాటికి, స్థిరపడిన సూత్రం. అంతకుముందు అలా లేదు. బైబిలు కథల్లో మగవాళ్లు పరజాతి స్త్రీలను పెళ్లాడుతూనే ఉంటారు, పిల్లలు తండ్రి జనంలోనే కలుస్తారు. షే కోహెన్ అనే చరిత్రకారుడు ఈ మార్పు మీద 1999లో పెద్ద పుస్తకమే రాశాడు. 'తల్లి వైపు' అనగానే మాతృస్వామ్యం అని సంబరపడనక్కర్లేదు. లోపలికి రానిచ్చే ద్వారం తల్లి. లోపలికి వచ్చాక ఆస్తి, పేరు, పదవి, గోత్రం తండ్రివి. మనువు బీజమూ క్షేత్రమూ అంటూ పెట్టిన పంచాయితీ గుర్తుకొస్తుంది.

అయినా తల్లి గోత్రం ఎక్కడో ఒకచోట తొంగిచూస్తూనే ఉంటుంది. తొలిచూలు మగబిడ్డను యాజకుడికి వెండి నాణేలిచ్చి విడిపించుకోవాలి. అమ్మ లేవీయుడి కూతురో, యాజకుడి కూతురో అయితే అక్కర్లేదు, తండ్రి ఎవరైనా సరే. యాజకుడి కూతురు పుట్టింట్లో పవిత్రమైన అన్నం తింటుంది. వేరే గోత్రంలోకి పెళ్లయితే ఆ హక్కు పోతుంది. పిల్లలు లేకుండా వితంతువైనా, విడాకులు పొందినా తిరిగొచ్చి మళ్లీ తండ్రి కంచంలో తినొచ్చు. పిల్లలుంటే వీల్లేదు. పిల్లలు తండ్రి గోత్రం కదా, వాళ్లు ఆమెను అటే కట్టేస్తారు.

ఇప్పుడు ఎఫ్రాయిము దగ్గరికి. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజ్యం ఉత్తర ఇశ్రాయేలును జయించి జనాన్ని చెరపట్టుకుపోయింది. అలా కనపడకుండా పోయినవే పది గోత్రాలు. వాటికి పెద్దదిక్కు ఎఫ్రాయిము. పది గోత్రాలు ఇక తిరిగి రావని రబ్బీ అకీవా అన్నాడు. పగలు చీకటిపడి మళ్లీ వెలుగొచ్చినట్టే వాళ్లకూ వెలుగొస్తుందని రబ్బీ ఎలియేజరు అన్నాడు. ఈ వాదం అందరూ చెప్పేదే. దానికంటే నన్ను ఆపేసింది తల్ముదులో యెవామోత్ అనే భాగంలోని ఒక చర్చ.

సమస్య ఇది. ఎవడో పరాయివాడు ఒక యూదు స్త్రీకి ప్రధానం చేశాడు. అతను ఆ పది గోత్రాలవాడేమో? అయితే ఆ పెళ్లి చెల్లుతుందేమో? పది గోత్రాలవాళ్లు పూర్తిగా అన్యజనులైపోయారని తీర్మానించి తలుపు మూశారు. వెంటనే ప్రశ్న వచ్చింది: మగవాళ్లు పరజాతి స్త్రీలను చేసుకుంటే వాళ్ల పిల్లలు యూదులు కారు, సరే. మరి ఆ గోత్రాల ఆడవాళ్ల మాటేమిటి? వాళ్లకు పుట్టిన పిల్లలు యూదులే కదా! దానికి దొరికిన జవాబు: ఆ తరం కూతుళ్లందరూ గొడ్రాళ్లయిపోయారని మాకు పరంపరగా తెలుసు.

అంతే. ఒక్క వాక్యం. పది గోత్రాల స్త్రీలకు పిల్లలు పుట్టలేదు, కాబట్టి చిక్కు లేదు. శాస్త్రంలో మిగిలిపోయిన ఒక కంత పూడ్చడానికి ఒక తరం గర్భసంచులు మూసేశారు. ఇది చరిత్ర అని ఎవరూ అనరు, న్యాయవాదంలో వేసిన ఎత్తు. కానీ ఆ ఎత్తు వేసినవాళ్లకు చప్పున తోచిన పనిముట్టు ఏమిటో చూడండి. కొత్తరెడ్డిపాలెం స్త్రీ ఎవరైనా నేను ఎఫ్రాయిము కూతుర్ని అంటే, ఆ శాస్త్రం ప్రకారం ఆమె పుట్టే వీలు లేదు.

ఎఫ్రాయిము పుట్టుక సంగతీ ఇంతే. అతని తల్లి ఆసెనతు ఐగుప్తు యాజకుడి కూతురు. తల్లిని బట్టి లెక్కేస్తే ఎఫ్రాయిమే యూదుడు కాడు! రబ్బీలకు ఇది తెలియదా? తెలుసు. అందుకే పిర్కె ద రబ్బీ ఎలియేజరు అనే గ్రంథం ఒక కథ చెప్పింది. యాకోబుకు పన్నెండు మంది కొడుకులతో పాటు దీనా అనే కూతురుంది. కొడుకుల పేర్లన్నీ గోత్రాలయ్యాయి, ఆమె పేరు కాలేదు. షెకెము ఆమెను చెరిచాడు. ఆమెకు పుట్టిన ఆడపిల్లను మేనమామలు చంపబోతే, తాత యాకోబు దేవుడి పేరు చెక్కిన బంగారు రేకు పసిదాని మెడలో కట్టి పంపేశాడట. దేవదూత ఆ పిల్లను ఐగుప్తు యాజకుడి ఇంటికి చేర్చాడట. ఆ పిల్లే ఆసెనతు. యోసేపు పెళ్లాడింది మేనకోడల్నే. గోత్రం లేని దీనా, ఒంటిమీద జరిగిన హింస తప్ప గ్రంథంలో ఒక్క మాటైనా దక్కని దీనా, ఇలా ఎఫ్రాయిముకు అమ్మమ్మ అయ్యింది. ఆ గోత్రానికి అవసరం పడితే తప్ప ఆమె ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తుండిపోయిన ఆడవాళ్లూ లేకపోలేదు. ఆషేరు కూతురు శెరహు పేరు ఐగుప్తుకు వెళ్లినవాళ్ల జాబితాలో ఉంది. తరాలు గడిచాక అరణ్యంలో తీసిన జనాభా లెక్కలోనూ ఉంది. రెండుచోట్లా ఉంది కాబట్టి ఆమె అంతకాలం బతికే ఉందని రబ్బీలు అల్లారు. యోసేపు శవపేటిక ఎక్కడుందో మోషేకు తెలియలేదు, ముసలి శెరహు చూపించింది. మన ఊళ్లలో ఎవరి పొలం గట్టు ఎక్కడిదాకానో పెద్దామెను అడిగి తెలుసుకున్నట్టు.

సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఎఫ్రాయిము అన్న మనష్షే గోత్రం వాళ్లు. తండ్రికి కొడుకుల్లేరు, భూమి మాకివ్వండని మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి అడిగారు. దేవుడు వాళ్ల మాటే న్యాయమన్నాడు. తర్వాత గోత్రపు మగవాళ్లు వచ్చారు. వీళ్లు బయట పెళ్లి చేసుకుంటే మా గోత్రం భూమి పోతుందని మొర పెట్టుకున్నారు. సరే, గోత్రంలోనే చేసుకోవాలని షరతు పడింది. ఆస్తి హక్కు ఇచ్చిన చేత్తోనే పెళ్లి హక్కుకు కళ్లెం. హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం 1986లోనూ, దేశం 2005లోనూ సవరించాక, కూతుళ్ల చేత 'నాకొద్దు' అని సంతకాలు పెట్టించుకున్న అన్నదమ్ములను చూసినవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. రబ్బీలు ఒక మంచి పని చేశారు. ఆ షరతు ఆ ఒక్క తరానికేనన్నారు. గోత్రాలు ఒకరితో ఒకరు వియ్యమందొచ్చని అనుమతి దొరికిన రోజే ఆబ్ నెల పదిహేనో తేదీ పండుగైందని తల్ముదు చెబుతుంది.

ఆ పండుగకు ఇంకో కారణం కూడా చెబుతుంది. బెన్యామీను గోత్రంతో మళ్లీ పెళ్లిళ్లు మొదలైంది ఆరోజేనట. ఎందుకు ఆగాయి? గిబియా అనే బెన్యామీను ఊళ్లో ఒక లేవీయుడి ఉపపత్నిని రాత్రంతా చెరిచారు, ఆమె చనిపోయింది. అతను ఆమె శరీరాన్ని పన్నెండు ముక్కలు చేసి పన్నెండు గోత్రాల సరిహద్దులకు పంపాడు. గోత్రాలన్నీ ఒక్కటై బెన్యామీను మీద యుద్ధం చేశాయి. ఆరువందల మంది మగవాళ్లు మిగిలారు, వాళ్లకు పిల్లనివ్వమని మిగతావాళ్లు ప్రమాణం చేశారు. ఒక గోత్రం నశించిపోతోందే అని మళ్లీ వాళ్లే ఏడ్చారు. యాబేష్గిలాదు ఊరిని నరికి నాలుగువందల మంది కన్యలను తెచ్చి ఇచ్చారు. చాలకపోతే, షిలోహు ద్రాక్షతోటల్లో నాట్యానికి వచ్చిన ఆడపిల్లలను ఎత్తుకుపొమ్మన్నారు. ఒక ఆడదాని పేరు లేదు ఇందులో. పన్నెండు గోత్రాల సమైక్యతకు ఇంతకంటే కచ్చితమైన పటం నేనెక్కడా చూడలేదు.

తర్వాతి కాలంలో అదే పండుగనాడు యెరూషలేము ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టి ద్రాక్షతోటల్లో ఆడేవారని మిష్నా రాసింది. ఆ బట్టలు అరువువి కావాలట, లేని పిల్ల చిన్నబుచ్చుకోకుండా. బతుకమ్మ నాడు అరువు చీర కట్టినవాళ్లకు ఆ నియమం పెట్టిందెవరో ఆడదేనని అనిపిస్తుంది. రుజువేమీ లేదు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే, ఈ ప్రశ్నలు పెళ్లి రిజిస్టర్లలోకి వచ్చాయి. కొంకణం నుంచి ఇజ్రాయెల్ వెళ్లిన బెనె ఇజ్రాయెల్ వాళ్లకు ఇతర యూదులతో పెళ్లి చెయ్యాలంటే తల్లిని, అమ్మమ్మను, ఆపైన ఎంతదూరం వీలైతే అంతదూరం విచారించాలని 1962లో అక్కడి ప్రధాన రబ్బీల మండలి ఆదేశించింది. వాళ్లు ఊరుకోలేదు. 1964లో రోడ్డెక్కారు, ఆ ఆదేశంలోంచి తమ పేరు తీయించుకున్నారు. 1973లో ప్రధాన రబ్బీ ఒవాదియా యోసెఫ్ ఇథియోపియా యూదులు దాను గోత్రం వాళ్లేనన్నాడు. 2005లో మరో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ మణిపూర్, మిజోరంల బెనె మెనషేను ఇశ్రాయేలు సంతానమని గుర్తించాడు. అయినా వాళ్లు మతం మార్పిడి క్రతువు చేసుకోవాల్సిందే. ఇంకొకరి నేల మీద ఎవరిని ఎందుకు స్థిరపరుస్తున్నారన్నది ఈ వ్యాసంలో పట్టేది కాదు. అది లేనట్టు మాత్రం రాయలేను.

క్రతువులో ఒక మెలిక ఉంది. మార్పిడి చేసుకున్నవాళ్లకు శాస్త్రం ప్రకారం గోత్రం లేదు. తొలిపంట తెచ్చి అర్పించేటప్పుడు, మా పితరులకు దేవుడు వాగ్దానం చేసిన భూమి అని వాళ్లు అనకూడదని మిష్నా చెప్పింది. ప్రార్థనలో 'మా పితరుల దేవుడు' కాదు, 'మీ పితరుల దేవుడు' అనాలి. అమ్మ ఇశ్రాయేలీయురాలైతే మాత్రం 'మా' అనొచ్చు. వెయ్యేళ్ల తర్వాత మైమొనిదెస్ మార్పిడి పొందిన ఒకతనికి ఉత్తరం రాస్తూ, నువ్వూ 'మా పితరులు' అనవచ్చు, అబ్రాహాము నీకూ తండ్రే అన్నాడు. అంటే కొత్తరెడ్డిపాలెం వాళ్లను ఎఫ్రాయిము సంతానంగా కాక మతం మారినవాళ్లుగా లోపలికి రమ్మంటే, తమను ఆ వాకిలిదాకా నడిపించిన గోత్రాన్నే గడప బయట విడిచి వెళ్లాలి.

ఇక్కడ మిగిలితే? 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు, 1956 తర్వాత సిక్కులకు, 1990 తర్వాత బౌద్ధులకు వర్తిస్తుంది. క్రైస్తవులైన దళితులు మన దగ్గర బీసీ-సీలోకి పోతారు. యూదులన్న గడే లేదు. శనివారం విశ్రాంతి దినం. కూలికి పోయే ఇంట్లో శనివారం మానడమంటే ఒక రోజు కూలి వదులుకోవడం. శుక్రవారం పొద్దుగూకే లోపు రెండు పూటలకూ వండి, దీపం వెలిగించి కూర్చోవాల్సింది ఇల్లాలే. గోత్రం మగవాళ్లది, దాని ఖర్చు పొయ్యి దగ్గర.

ఇదంతా చెబుతుంటే నా స్నేహితురాలు మధ్యలో ఆపింది. "అక్కా, నువ్వు చెప్పే యెవామోత్ నాకు మొన్ననే జరిగింది" అంది. తను మాదిగ, భర్త బీసీ. అతను వెళ్లిపోయి పన్నెండేళ్లయింది, కూతుర్ని ఒంటిచేత్తో పెంచింది. కూతురి కులం సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు వెళ్తే తండ్రి కులం తెమ్మన్నారు. తండ్రి ఎక్కడున్నాడో తెలియదంది. అయితే తండ్రి అన్నదమ్ముల సర్టిఫికెట్ తెమ్మన్నారు. తండ్రి కుటుంబమే కుటుంబం!

కులాంతర దంపతుల బిడ్డకు తండ్రి కులమే అన్నది ఒక ఊహ మాత్రమేననీ, తల్లి కులంలో పెరిగి ఆ వివక్షే అనుభవించిన బిడ్డ దాన్ని కాదని నిరూపించుకోవచ్చనీ సుప్రీంకోర్టు 2012లో గుజరాత్ నుంచి వచ్చిన రమేష్‌భాయ్ నాయకా కేసులో చెప్పింది. తీర్పు ఉంది. అయినా 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక దేశం దేన్ని వెతికింది? అతను తండ్రి వైపు వడ్డెరా, తల్లి వైపు మాలా అని. ఆ పిల్లల్ని కుట్టుపని చేసి పెంచిన రాధిక నేను మాలనని చెబుతూనే ఉంది. గుంటూరులోని ఆమె మాట చాల్లేదు. విచారణలు, నివేదికలు, మళ్లీ విచారణలు. షెడ్యూల్డు కులాల వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పి, 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో అది చట్టమై అమల్లోకి వచ్చాక, ఇప్పుడు మాదిగా మాలా అన్నదే కాదు, ఏ గ్రూపు అన్నదీ రాయాలి. మాదిగలు ముప్పై ఏళ్లు కొట్లాడి తెచ్చుకున్న న్యాయమది, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ ఆ గడిలోకి బిడ్డ ఎవరి వెంట నడిచి వెళ్తుంది?

"ఉప్పల్ ల్యాబుకు పోయి రక్తమిస్తే నా బిడ్డ నాదేనని తేలుతుంది. నాది అయితే ఏం లాభం?" అంది. ఇందాక తనే రక్తం తీసి చూడమన్న మాట గుర్తొచ్చి నవ్వింది.

ఎనిమిది నెలలు తిరిగాక సర్టిఫికెట్ వచ్చింది. ఫోనులో తీసిన ఫొటో చూపించింది. కులం దగ్గర మాదిగ అని సరిగ్గానే ఉంది. అచ్చయి ఉన్న నమూనాలో 'కుమార్తె ఆఫ్ శ్రీ' అన్న చోట తన పేరు టైపు చేశారు. 'శ్రీ'ని కొట్టెయ్యలేదు.